కొలువులో నుండియే నేర్వవలసిన శాస్త్రము

ఇంజనీరింగు విద్య యనగానే మన మనస్సులలో మెదలునది నాలుగేండ్ల పట్టభద్రత, ఆపైన రెండేండ్ల స్నాతకోత్తర విద్య, ఆ తరువాత ఉద్యోగము అను సోపానక్రమము. ముందు విద్య, వెనుక వృత్తి. ఒకసారి కార్యాలయమున కుదురుకొన్నవాడు మరల తరగతిగది మెట్లెక్కుట అరుదైన విషయముగానే పరిగణింపబడుచున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రముల విశ్వవిద్యాలయములు కొన్ని దశాబ్దములుగా పెంపొందించుకొని వచ్చిన ఒక చిన్న విద్యారూపము ఈ క్రమమునకు భిన్నముగా, వృత్తియందు ప్రవేశించి కొన్నేండ్లు గడచినవానినే తన విద్యార్థిగా ఎన్నుకొనుచున్నది. సిస్టమ్స్ ఇంజనీరింగులో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అని దానికి వ్యవహారము. సాధారణముగా నాలుగు పాఠ్యాంశములు, పన్నెండు క్రెడిట్లు. ఉద్యోగము మానకుండ, సాయంకాలపు తరగతులలోనో, వారాంతములందో, ఇంటినుండి అంతర్జాలము ద్వారానో, ఒకటి రెండేండ్లలో ముగింపదగిన కార్యక్రమ మిది. పూర్తి మాస్టర్స్ పట్టమునకు ముప్పది మొదలు ముప్పదియారు క్రెడిట్లు కావలసియుండగా, అందులో మూడవవంతు మాత్రమే యిందు గలదు కనుక, పట్టము సంపాదింపజాలనివారికి మిగిలిన చిన్న మేలుగా దీనిని కొంద రెంచుచున్నారు. ఆ యెన్నిక సరికాదు. ఇతర శాస్త్రముల మాట యెట్లున్నను, సిస్టమ్స్ ఇంజనీరింగు విషయమున పనిలో నున్నవాడే సహజమైన విద్యార్థి, వాని పనియే మొదటి పాఠ్యగ్రంథము. కావున ఈ చిన్న రూపము పెద్దదాని ఛాయ గాక, ఆ శాస్త్ర స్వభావమునకు తగిన రూపమే యని చెప్పవలసి యున్నది. అయితే ఆ తగుదల దానంతట నదియే సిద్ధింపదు. నేడు విక్రయమునకు వచ్చిన సర్టిఫికెట్లలో కొన్ని ఆ స్వభావమును మరచి కేవల పరిభాషను బోధించి పంపుచున్నవి. ఏది యెట్టిదో విడదీసి చూచుట, ముఖ్యముగా మన యువ ఇంజనీర్లు కాలమును ధనమును వెచ్చింపక ముందే చూచుట, అత్యావశ్యకము.

ఆ శాస్త్ర మేమి చేయునో తెలియుటకు, అది లోపించినచోట ఏమి జరిగినదో పరికించుట మేలు. 1998 డిసెంబరు 11వ తేదీన నాసా సంస్థ కుజగ్రహ వాతావరణమును పరిశీలించుటకై మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌకను ప్రయోగించెను. తొమ్మిది నెలలకు పైగా అంతరిక్షమున పయనించిన ఆ నౌక 1999 సెప్టెంబరు 23న కుజుని కక్ష్యలో ప్రవేశింపవలసిన సమయమున గ్రహమునకు మితిమీరిన సామీప్యమున పోయి నశించెను. నౌకను నిర్మించిన లాక్‌హీడ్ మార్టిన్ సంస్థవారి భూకేంద్రపు సాఫ్ట్‌వేరు చిన్న థ్రస్టర్ల ప్రచోదనమును పౌండ్-సెకండ్లలో లెక్కగట్టి పంపుచుండగా, జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలోని మార్గనిర్దేశకులు ఆ యంకెలను న్యూటన్-సెకండ్లుగా స్వీకరించుచుండిరి. రెంటికి నడుమ దాదాపు నాలుగున్నర రెట్ల భేదము కలదు. లోకమున ఈ వృత్తాంతము కొలమానముల పొరపాటుగా ప్రచారము నొందినది. పాఠశాల పిల్లలకు సైతము ప్రమాణములు వ్రాయ మరువకుడని హెచ్చరించుటకు దీనినే ఉదాహరించుచున్నారు. విచారణ మండలి చెప్పినది అంతకంటె లోతైన మాట. ప్రాజెక్టునందు సిస్టమ్స్ ఇంజనీరింగు బలహీనముగా నుండెననియు, నౌకను నిర్మించినవారికిని నడుపువారికిని నడుమ సంభాషణము చాలకపోయెననియు, మార్గనిర్దేశకులకు నౌక స్వభావము పూర్తిగా తెలియదనియు, సిబ్బందికి శిక్షణ కొరవడెననియు ఆ నివేదిక పేర్కొన్నది. లెక్కలు సరిపడుటలేదన్న అనుమానము కొందరికి కలిగినను, అది నియతమైన మార్గమున పైకి రాక, మాటలలోనే నిలిచిపోయెను. ఎవరి గదిలో వారు సమర్థులే. గదికిని గదికిని నడుమ నున్న ద్వారమునకు కావలి లేకపోయినది.

దీనికి మూడేండ్ల ముందు, 1996 జూన్ 4న, ఫ్రెంచి గయానాలోని కూరూ కేంద్రమునుండి లేచిన ఏరియన్-5 తొలి రాకెట్టు నలుబది సెకండ్లు గడువకముందే ఆకాశమున బ్రద్దలయ్యెను. 64 బిట్ల సంఖ్య నొకదానిని 16 బిట్ల పూర్ణాంకముగా మార్చబోయి కంప్యూటరు విఫలమైనది. ఆ ప్రోగ్రాము ఏరియన్-4 నుండి యథాతథముగా తెచ్చుకొన్నది. ఆ పాత రాకెట్టులో దానికి దోష మెన్నడును కలుగలేదు. క్రొత్త రాకెట్టు తొలి క్షణములలో పాతదానికంటె మిక్కిలి వేగముగా క్షితిజదిశకు మరలునన్న సంగతి ఆ ప్రోగ్రామును మరల వాడుకొన్నవారి పరీక్షలలోనికి రాలేదు. గణితశాస్త్రజ్ఞుడు జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన జరిగిన విచారణలో తేలిన విషయములలో అత్యంత బాధాకరమైనది మరియొకటి కలదు: తప్పిన ఆ గణనము రాకెట్టు నేల విడిచిన తరువాత ఏరియన్-5కు అవసరమే లేదు. అనవసరమైనదానిని తొలగింపుడని చెప్పుటకు సమగ్రదృష్టి గలవా డొక్కడు కావలసియుండెను.

ఈ రెండు దుర్ఘటనలలోను ఏ ఒక్క భాగమును చెడిపోలేదు. చెడినది భాగముల నడుమ సంబంధము. ఆ సంబంధమునే ఇంజనీర్లు ఇంటర్‌ఫేస్ అందురు. యంత్రశాస్త్రమునకు యంత్రము, విద్యుచ్ఛాస్త్రమునకు విద్యుత్తు విషయమైనట్లు సిస్టమ్స్ ఇంజనీరింగునకు ఈ ఇంటర్‌ఫేసులే విషయము. ఉదాహరణమునకు, హైదరాబాదు మెట్రో రైలు 2017 నవంబరులో ప్రారంభమైనది. దాని పెట్టెలు కొరియా దేశపు హ్యుందాయ్ రోటెం వారివి, సిగ్నల్ వ్యవస్థ ఫ్రెంచి సంస్థ థేల్స్ వారిది, స్తంభములు స్టేషనులు ఎల్ అండ్ టీ వారివి. రైలు వేదికయొద్ద సరిగ్గా తన స్థానమున ఆగి తలుపులు తెరచుటయన్న చిన్న కార్యమున ఈ మువ్వురి పనియు కలిసియున్నది. బ్రేకు సంగతి ఒకరిది, ఎచ్చట ఆగవలెనో నిర్ణయించుట వేరొకరిది, వేదిక ఎత్తును దూరమును మరియొకరివి. ఈ మువ్వురి పత్రములను ముందుంచుకొని, ఒకరి ఊహ మరొకరి వాగ్దానముతో పొసగుచున్నదా యని ప్రశ్నించుటకు నియుక్తుడైన వాడే సిస్టమ్స్ ఇంజనీరు.

ఇట్టి శాస్త్రము విశ్వవిద్యాలయమున పుట్టినది కాదన్న చారిత్రకాంశమును మన మిచ్చట గుర్తుంచుకొనవలెను. 1940వ దశకమున అమెరికాలో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలయందు దేశవ్యాప్తమైన టెలిఫోను జాలమును విస్తరింపజేయు ప్రయత్నమున ఈ పద్ధతి రూపుదిద్దుకొన్నది. 1950లో బెల్ ప్రయోగశాలల సిస్టమ్స్ ఇంజనీరింగు అధిపతి గిల్మన్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు వచ్చి పాఠములు చెప్పుటయే ఈ విషయమును తరగతిలో బోధించుటకు జరిగిన తొలి యత్నమని చరిత్రకారులు వ్రాయుచున్నారు. పిమ్మట 1954 మొదలు ఖండాంతర క్షిపణుల నిర్మాణమున జనరల్ బెర్నార్డ్ ష్రీవర్ నాయకత్వమున, సైమన్ రేమో, డీన్ వూల్డ్రిడ్జ్ స్థాపించిన సంస్థ భాగములను తయారుచేయు పరిశ్రమలన్నిటి నడుమ సమన్వయకర్తయై ఈ పద్ధతికి దృఢమైన ఆకారము నిచ్చెను. 1957లో గుడ్, మేకాల్ అనువారి గ్రంథము, 1961లో వేన్ వైమోర్ ప్రేరణచే అరిజోనా విశ్వవిద్యాలయమున ప్రత్యేక విభాగము వెలసినవి. పని ముందు, పాఠము వెనుక అన్న ఈ జన్మలక్షణము అప్పటినుండి నేటివరకు ఆ శాస్త్రమును విడువలేదు.

ఇరువది రెండేండ్ల విద్యార్థి చేతికి ఒక ఆవశ్యకతల పత్రము నిచ్చి దోషములు చూపుమనినచో, వాడు వాక్యదోషములను చూపగలడేమో గాని, ఆ వాక్యము రేపు పరీక్షాగారమున ఎట్టి కలహమునకు దారితీయునో వానికి తెలియదు. మూడు నాలుగేండ్లు ఒక పరిశ్రమలో పనిచేసి, ఒక రాత్రి పరికరమును బిగించుచు, రెండు సంస్థలు పంపిన రెండు భాగములు ఒకదానితో నొకటి పొసగకపోవుటను కన్నులార చూచినవానికి ఆ పాఠము మొదటి తరగతియందే హృదయంగమ మగును. వానికి లేనిది అనుభవము కాదు, ఆ అనుభవమును క్రమబద్ధముగా ఆలోచించుటకు కావలసిన పరికరములు. ఆ పరికరముల నందించుటకు నాలుగు మంచి పాఠ్యాంశములు చాలును. తరగతిగదిలో కూర్చున్న రెండేండ్లు అనుభవమునకు బదులు కాజాలవు.

ఆ నాలుగింటిలో నేమి యుండవలెనన్నది ఇక చూతము. పేర్లు విశ్వవిద్యాలయమును బట్టి మారుచున్నను, సారము చాలవరకు స్థిరపడినది. స్టీవెన్స్ విద్యాసంస్థయు అమెరికా నౌకాదళపు స్నాతకోత్తర విద్యాలయమును ముందు నిలిచి, అనేక దేశముల నిపుణులను కూర్చి నడిపిన ప్రయత్నము ఫలితముగా 2012లో సిస్టమ్స్ ఇంజనీరింగు జ్ఞానసర్వస్వమొకటియు, స్నాతకోత్తర విద్యకు ఆదర్శ పాఠ్యప్రణాళిక యొకటియు వెలువడినవి. నాటినుండి ఏ విద్యాలయము ఏమి బోధించుచున్నదో పోల్చి చూచుటకు ఒక ఆధార మేర్పడినది.

మొదటిది ఆవశ్యకతల శాస్త్రము. పైకి మిక్కిలి సులభముగా తోచును. నిజమునకు ఇదియే కఠినము. ఆసుపత్రిలో రోగి రక్తనాళములోనికి మందు నెక్కించు ఇన్‌ఫ్యూజన్ పంపు నుదాహరణముగా గైకొందము. గొట్టములో అడ్డంకి యేర్పడినప్పుడు పంపు శీఘ్రముగా హెచ్చరింపవలెనని వైద్యుడు కోరును. శీఘ్ర మనగా నెంత? మందు ప్రవాహము మిక్కిలి మందగించి యున్నప్పుడు అడ్డంకి తెలియుటకే చాలసేపు పట్టునే, అప్పుడేమి? హెచ్చరిక ధ్వనియా, కాంతియా, రెండునా? ఒకే గదిలో ఎనిమిది పంపులు మ్రోగుచుండగా నర్సు దేనిని ముందు చూడవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము కొలువదగిన వాక్యములుగా మారనంతవరకు, పంపును కట్టువాడు తన ఊహనే వైద్యుని కోరికగా భావించును. ఆ ఊహ తప్పినచో మూల్యము చెల్లించువాడు రోగి. మంచి ఉపాధ్యాయుడు ఇచ్చట విద్యార్థి స్వంత కార్యాలయపు పత్రము నొకదానిని తెప్పించి, రహస్యములను తొలగించి, తరగతిలో అందరిచేత దానిని చీల్చి చెండాడించును. ఒక్కొక్క వాక్యమున కెదురుగా, దీనిని ఎట్లు పరీక్షింతువని ప్రశ్నింపబడినప్పుడు, పదేండ్ల అనుభవము గలవారును తటపటాయించుట కద్దు.

రెండవది నిర్మాణరచన. ఒకే ప్రయోజనమును సాధించుటకు రెండు మూడు మార్గములను కల్పించి, వ్యయమును, భారమును, నమ్మకమును, కాలమును తూచి, ఒకదానిని ఎన్నుకొనుట, ఎన్నుకొన్న కారణమును తరువాతివారికి తెలియునట్లు వ్రాసియుంచుట. ఇక్కడనే నేడు నమూనాల ఆధారముగా రచన చేయు పద్ధతి బోధింపబడుచున్నది. ఎస్‌వై‌ఎస్‌ఎమ్‌ఎల్ అను చిత్రభాష అందుకు సాధనము. మూడవది భాగములను కూర్చుట, పరీక్షించుట. నిర్దేశించినట్లే కట్టబడినదా యన్న పరీక్ష వేరు, కట్టబడినది వాడుకరికి నిజముగా పనికివచ్చుచున్నదా యన్న పరీక్ష వేరు. మొదటిదానిలో నెగ్గి రెండవదానిలో ఓడిన యంత్రము లెన్నియో కలవు. నాలుగవది నష్టసంభవమును ముందుగా నంచనా వేయుట, నిర్ణయములు, వ్యయము, కాలనిర్వహణము. ఎరిక్ ఆనర్ అను పరిశోధకుడు అనేక ప్రాజెక్టుల లెక్కలను పరిశీలించి, మధ్యస్థమైన ప్రాజెక్టునకు మొత్తము వ్యయములో దాదాపు 14 శాతము సిస్టమ్స్ ఇంజనీరింగునకు వెచ్చించుట ఉత్తమమని తేల్చెను. అనేక సంస్థలు అంతకంటె తక్కువ వెచ్చించి, మిగిల్చితిమని సంతోషించి, తరువాతి దశలలో దానికి పెక్కురెట్లు పోగొట్టుకొనుచుండుట ఈ వృత్తిలో నున్నవారందరు నెరిగినదే.

ఎవరు బోధించుచున్నారన్నది, ఏమి బోధించుచున్నారన్నదానికంటె నొకింత ముఖ్యమైన ప్రశ్న. మేరీలాండు రాష్ట్రమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన అప్లైడ్ ఫిజిక్స్ లేబొరేటరీ రక్షణ, అంతరిక్ష రంగములలో ప్రఖ్యాతి గాంచినది. దానికి దీర్ఘకాలము అధిపతిగా నుండిన అలెగ్జాండర్ కొసియాకాఫ్ ఈ విషయమున పాఠ్యప్రణాళికను తీర్చి, తరువాత విలియం స్వీట్‌తో కలసి ఒక ప్రామాణిక గ్రంథమును రచించెను. అచ్చటి సాయంకాల తరగతులలో బోధించువారిలో అధికభాగము పగటివేళ ఆ ప్రయోగశాలలోను పరిసర పరిశ్రమలలోను పనిచేయువారే. నౌకాదళ విద్యాలయము తన సర్టిఫికెట్టును రక్షణశాఖ ఉద్యోగులకు వారున్నచోటనే, త్రైమాసికమున కొక పాఠ్యాంశము చొప్పున అందించుచున్నది. ఉపాధ్యాయుడును శిష్యుడును ఒకే జాతి సమస్యలతో ఉదయము పెనగులాడి, సాయంకాలము వాని గూర్చి తర్కించుకొనుట యీ విద్య కున్న అసలు బలము. పరిశోధనమునకే అంకితమైన ఆచార్యుని విలువను తగ్గించుట నా యుద్దేశము కాదు. నిర్ణయశాస్త్రము, సంభావ్యత వంటి విషయములలో ఆయన లేక విద్య నిస్సారమగును. అయినను, ఒక్క ప్రాజెక్టునైనను ఆదినుండి అంతమువరకు మోయనివాని నోట పరీక్షల పాఠము వినుట నిష్ఫలమని నా దృఢమైన అభిప్రాయము.

ఇక దోషముల గూర్చి. అమెరికాలో ఇంజనీరింగు విద్యకు గుర్తింపు నిచ్చు ఆబెట్ సంస్థ ప్రధానముగా పట్టములనే పరిశీలించును. కాబట్టి ఒక సర్టిఫికెట్టు నాణ్యమును తూచు బాధ్యత చాలవరకు చేరదలచినవానిమీదనే పడుచున్నది. ఈ సందున, ముందుగా చిత్రించిన ఉపన్యాసములను, బహుళైచ్ఛిక ప్రశ్నలను పేర్చి, గంభీరమైన పేరు తగిలించిన కార్యక్రమములు ప్రవేశించినవి. వానిలో చేరినవాడు ఆవశ్యకతల మొదలు పరీక్షల వరకు దశలను చూపు వీ-ఆకారపు చిత్రమును గీయ నేర్చుకొనును; పారిభాషిక పదములన్నిటిని ధారాళముగా పలుక నేర్చుకొనును; మరునాడు తన కార్యాలయమున ఇద్దరు ఇంజనీర్లు ఒక సంకేతపు వోల్టేజిని గూర్చి వాదించుకొనుచుండగా మధ్యవర్తిత్వము వహింప నేరడు. మరికొన్నిచోట్ల చిత్రభాష యొక్క సాఫ్ట్‌వేరే పాఠమంతయు నాక్రమించుచున్నది. పరికరము చేతనైనంత మాత్రమున ఆలోచన రాదు. గజిబిజియైన తలంపును అందమైన చిత్రముగా గీచినచో అది యింకను ప్రమాదకరము, ఏలయన చూపరులు దానిని నిశ్చితమని నమ్ముదురు.

అన్నిటికంటె పెద్దలోపము, నాలుగు పాఠ్యాంశములను ఒక్కటిగా కూర్చు తుదికార్యము లేకుండుట. అనేక మాస్టర్స్ కార్యక్రమములలో కడపట ఒక ప్రాజెక్టు కలదు. సర్టిఫికెట్టులో స్థలము చాలదని దానిని విడిచిపెట్టుచున్నారు. భాగములను కూర్చుటయే విషయమైన శాస్త్రమును నాలుగు విడివిడి భాగములుగా బోధించి, కూర్చకుండ పంపుట ఎంతటి విరోధము! మరియొక పాఠ్యాంశమును తగ్గించియైనను, విద్యార్థి తన కార్యాలయపు సమస్య నొకదానిని ఆవశ్యకతల మొదలు పరీక్షా ప్రణాళిక వరకు నడిపించి, ఉపాధ్యాయుని యెదుటను తన పై యధికారి యెదుటను సమర్థించుకొను ఏర్పాటు తప్పక యుండవలెను. నా దృష్టిలో ఇది యున్నదా లేదా యన్నదే మేలైన కార్యక్రమమును గుర్తించుటకు మొదటి ప్రమాణము.

ఒక భ్రమను గూడ నిచ్చట తొలగింపవలసియున్నది. 1990లో ఆరంభమై అంతర్జాతీయముగా విస్తరించిన ఇన్‌కోసీ అను వృత్తిసంఘము తానును ధ్రువపత్రముల నిచ్చుచున్నది. ఆ సంఘపు కరదీపికపై పరీక్షయు, ఉన్నతస్థాయికి అయిదేండ్లు మొదలుగా గల అనుభవమును, దానిని ఎరిగినవారి సాక్ష్యమును అది కోరును. విశ్వవిద్యాలయపు సర్టిఫికెట్టు విద్యకు చిహ్నము. సంఘపు ధ్రువపత్రము వృత్తిలో నిరూపించుకొన్న సామర్థ్యమునకు చిహ్నము. కొన్ని విశ్వవిద్యాలయముల పాఠ్యాంశములలో నెగ్గినవారికి సంఘము తన జ్ఞానపరీక్షనుండి మినహాయింపు నిచ్చుచున్నది గాని, ఒకటి రెండవదానికి బదులు కాదు. చేరకముందే ఈ సంగతిని, అట్లే సర్టిఫికెట్టు క్రెడిట్లు తరువాత మాస్టర్స్ పట్టములో కలుపబడునా యన్నదానిని, వ్రాతపూర్వకముగా తెలిసికొనుట మంచిది.

వ్యయభారము సామాన్యము కాదు. అమెరికాలో అనేక యజమానులు తమ ఉద్యోగుల చదువునకు సొమ్ము నిచ్చుచున్నారు. అందుకు అచ్చటి ఆదాయపు పన్ను చట్టములోని 127వ సెక్షను దోహదము చేయుచున్నది. దీర్ఘకాలముగా ఆ సెక్షను క్రింద సంవత్సరమునకు 5,250 డాలర్ల వరకు యజమాని యిచ్చు విద్యాసహాయము ఉద్యోగి ఆదాయముగా లెక్కింపబడుటలేదు. సర్టిఫికెట్టు వంటి చిన్న కార్యక్రమములు ఏడాది కొకటి రెండు పాఠ్యాంశములుగా సాగుటకు ఈ పరిమితియు నొక కారణమై యుండవచ్చును. ధనము కంటె దుర్లభమైనది కాలము. పగలు పని, సాయంకాలము పాఠము, రాత్రి అభ్యాసము. చిన్నపిల్లలున్న గృహములలో ఆ భారము విద్యార్థికంటె జీవిత భాగస్వామిపై అధికముగా పడుచున్నది. వారమునకు పదిగంటలైనను విడువని పట్టుదల లేక యీ చదువు సాగదు. ఆ పదిగంటలలో రెండు మూడింటినైనను యజమాని తన పనివేళలనుండి విడిచిపెట్టుట న్యాయము, ఏలయన ఫలము నాతడే ముందుగా అనుభవించును.

అమెరికాలో స్థిరపడిన, స్థిరపడుచున్న తెలుగు ఇంజనీర్లకు ఈ విషయమున ప్రత్యేకముగా చెప్పదగినది కలదు. వారిలో పెక్కురు సాఫ్ట్‌వేరు వృత్తిలో, హెచ్-1బి వీసాపై పనిచేయుచున్నారు. ఆ వీసా గలవారు ఉద్యోగము కొనసాగించుచు పాక్షికకాల విద్య నభ్యసించుటకు అడ్డంకి లేదు. కాని సిస్టమ్స్ ఇంజనీరింగు పాఠ్యాంశములలో అధికభాగము రక్షణ, అంతరిక్ష పరిశ్రమలనుండి పుట్టినవగుటచే, చదివినవెంటనే ఆ పరిశ్రమల ద్వారములు తెరచుకొనునని భ్రమింపరాదు. ఆయుధ సంబంధమైన సాంకేతిక సమాచారమును పౌరులు, శాశ్వత నివాసులు మున్నగువారికి దక్క, ప్రత్యేకానుమతి లేక విదేశీయులకు చూపరాదని అచ్చటి ఎగుమతి నియమములు శాసించుచున్నవి. వీసాపై నున్నవారికి సముచితమైన క్షేత్రములు వైద్యపరికరములు, మోటారు వాహనములు, రైల్వేలు, విద్యుజ్జాలములు. వైద్యపరికరముల రచనలో ప్రతి దశను పత్రబద్ధముగా పరీక్షించి నిరూపింపవలెనని అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ దాదాపు మూడు దశాబ్దములనుండి నిబంధించుచున్నది. వాహనములలో ఎలక్ట్రానిక్ వ్యవస్థల భద్రతకై 2011లో వెలువడిన ఐఎస్‌ఓ 26262 ప్రమాణము అదే రీతిని కోరుచున్నది. సాఫ్ట్‌వేరు మాత్రమే ఎరిగినవాడు అది నడుపు యంత్రమును, ఆ యంత్రమును వాడు మనుష్యుని గూడ ఎరుగుటకు ఈ నాలుగు పాఠ్యాంశములు మార్గము చూపగలవు. సాఫ్ట్‌వేరు పనులు మారిపోవుచున్న ఈ దినములలో, అట్టి విస్తృత దృష్టి గలవాని యవసరము తగ్గునని నేను తలపను.

హైదరాబాదు సంగతి వేరు. డి.ఆర్.డి.ఎల్, రీసర్చ్ సెంటర్ ఇమారత్, భారత్ డైనమిక్స్, ఇ.సి.ఐ.ఎల్ వంటి సంస్థలు దశాబ్దములుగా ఈ నగరమును సంక్లిష్ట యంత్రనిర్మాణమునకు ఆలవాలము చేసినవి. 1983లో అబ్దుల్ కలాం నేతృత్వమున సమగ్ర క్షిపణి కార్యక్రమము ఇచ్చటనుండియే నడచినది. ఆదిభట్లలో టాటా, బోయింగ్ సంస్థల ఉమ్మడి కర్మాగారము అపాచీ హెలికాప్టర్ల దేహభాగములను నిర్మించుచున్నది. 2022 నవంబరు 18న హైదరాబాదు సంస్థ స్కైరూట్ తన విక్రమ్-ఎస్ రాకెట్టును శ్రీహరికోటనుండి ప్రయోగించినది. వీని చుట్టును వందలకొలది చిన్న పరిశ్రమలు ఇతరులిచ్చిన చిత్రపటముల ననుసరించి భాగములు చేసి యిచ్చుచున్నవి. పటము ననుసరించి భాగము చేయువానికి ఈ శాస్త్రముతో పని స్వల్పము. ఆ భాగము నేనే రచించి యిత్తునని ముందునకు వచ్చిన క్షణమున, ఆవశ్యకతలు వ్రాయుట, ఇంటర్‌ఫేసులు నిర్ణయించుట, పరీక్షలు రూపొందించుట అన్నియు నాతని తలపై బడును. మన చిన్న పరిశ్రమ లిప్పుడు నిలిచియున్నది సరిగా ఆ గడపయందే.

ఉద్యోగస్థులకు విద్య నందించుట మనకు క్రొత్త కాదు. బిట్స్ పిలానీ 1979 నుండియు పనితో ముడివడిన విద్యాకార్యక్రమములను నడుపుచున్నది. సికిందరాబాదులోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ సైనికాధికారులకు నేర్పు విద్యకు ఉస్మానియా విశ్వవిద్యాలయము పట్టము నిచ్చుచున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము, 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు, ఒకచోట ఆర్జించిన క్రెడిట్లను దాచుకొని మరియొకచోట పట్టమునకు కలుపుకొను వీలును కల్పించినవి. కావలసిన చట్రము సిద్ధముగానే యున్నది. మూడేండ్ల అనుభవము లేనివారిని చేర్చుకొనక, సగము బోధన ప్రయోగశాలల, పరిశ్రమల ఇంజనీర్ల కప్పగించి, తుది పాఠ్యాంశమును విద్యార్థి స్వంత పనిపై నిలిపి, నగరపు విశ్వవిద్యాలయములలో ఒకటి రెండు ఇట్టి సర్టిఫికెట్టును ఆరంభింపవచ్చును.

ఇందుకు నిజమైన అడ్డంకి ఒకటి కలదు, అది రహస్యము. క్షిపణి ప్రయోగశాల ఇంజనీరు తన పత్రమును తరగతికి తేజాలడు, తేరాదు. స్వంత సమస్యయే పాఠమైన విద్యకు ఇది గొప్ప ప్రతిబంధకము. పాత ప్రాజెక్టుల పత్రములు దీనికి పరిష్కారము చూపగలవు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి లేచిన ఎస్.ఎల్.వి-3 తొలి ప్రయోగము, రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లము కారిపోవుటచే విఫలమై బంగాళాఖాతమున పడినది. దోషమును శోధించి, సరిదిద్ది, 1980 జూలై 18న అదే రకపు రాకెట్టుతో రోహిణీ ఉపగ్రహమును కక్ష్యలో నిలిపిరి. ఆ పదునొకండు నెలలలో ఎవరు ఏ ప్రశ్న నడిగిరి, ఏ కవాటమును ఎట్లు పరీక్షించిరి, ఏ నిర్ణయమును ఎందులకు మార్చిరి అన్నది నలుబది యైదేండ్ల తరువాత దేశరక్షణకు భంగము కలిగించు విషయము కాదు. ఇస్రో, డి.ఆర్.డి.ఓ సంస్థలు కాలము చెల్లిన అట్టి సమీక్షాపత్రములను ఎంచి, సున్నితమైన భాగములను తొలగించి విశ్వవిద్యాలయముల కందించినచో, అమెరికా గ్రంథములలోని ఉదాహరణములపై నాధారపడవలసిన యవసరము లేకయే మన తరగతులు నడచును. అందుకు ప్రత్యేక నిధులక్కరలేదు. ఆ పత్రములను చదువగల, వానిలో పాలుపంచుకొనిన పెద్దలు కొందరు విశ్రాంతిజీవనమున మన నడుమనే యున్నారు గనుక, వారిచేతనే ఆ యెంపికను చేయించుట యుక్తము. ఆ పనిని వచ్చే విద్యాసంవత్సరమునకు మించి వాయిదా వేయరాదు.